తలుపుకి అడ్డం పెట్టిన రాయి

మంచి వార్త వచ్చిన మర్నాడు మనిషి ఎలా ఉండాలి? కడుపునిండా తిని కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. ఈ తమ్ముడుగారు మాత్రం పొద్దుటి నుంచీ కాలు కాలిన పిల్లిలా ల్యాబ్‌లో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతున్నాడు. మైక్రోస్కోప్ ముందు కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ తీస్తాడు, గాలి మొహాన దుమ్ము కొట్టగానే మళ్ళీ మూస్తాడు. బల్ల మీద టీ మీగడ కట్టింది. అది పారబోసి ఇంకో కప్పు తెచ్చుకున్నాడు, అదీ అలాగే చల్లారింది.

వార్త నిజంగా మంచిదే. అక్క రాయికి వయసు తేలింది. ఇన్నాళ్ళూ అక్క ఏమని వాదించిందో అదే తేలింది.

ఈ అక్క సంగతి కొంచెం చెప్పాలి. కొండలు పట్టుకు తిరిగి రాళ్ళ పటాలు గీయడం ఆవిడ ఉద్యోగం. ఆఫీసులో ఆవిడ వెనకాల అందరూ సుత్తి మేడమ్ అంటారు. చేతిలో సుత్తి ఉంటుంది కాబట్టి అలా అంటారని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆవిడతో గంటసేపు కూర్చుని రాళ్ళ గురించి విన్నాక అసలు సంగతి వాళ్ళకే తెలుస్తుంది. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఆవిడ ఒకే ఒక్క రాయి వెంట పడింది. ఊరికి పడమరగా ఉన్న కొండలన్నీ బూడిదరంగు చారల రాయి. ఎప్పుడో భూమి లోతుల్లోకి దిగి, నలిగి, ఉడికి, రూపం మారి పైకొచ్చిన పాత రాయి. దాని పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ కొండల మధ్య రోడ్డు వేసినప్పుడు ఒక మలుపు దగ్గర నల్లటి పట్టీ ఒకటి బయటపడింది. దాని నిండా దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి గార్నెట్లు. అందరూ చూసి ఇదీ ఆ కొండల రాయేలే అని వెళ్ళిపోయారు. అక్క మాత్రం వెళ్ళలేదు.

ఇది వేరే రాయి అంది. కొండలు పుట్టిన చాలా కాలానికి వాటి మీద పేరుకున్న బురద ఇది, ఆ తర్వాత విడిగా ఇంకోసారి నేలలోకి దిగి ఉడికింది, దీనికి వేరే పేరు పెట్టాలి అంది. రాళ్ళకి పేర్లు పెట్టే సంఘం ఒకటుంది. అందులో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పేరు పెట్టించుకోవడం ఆయన దగ్గర అంత తేలిక కాదు. అక్క రాయిని పొడి చేయించి అందులో ఇనుమెంత, అల్యూమినియమెంత, అభ్రకమెంత అని లెక్కలు తీసుకెళ్ళింది. కొండల రాయికీ దీనికీ పోలికే లేదు చూడండి అంది. ఆయన అన్నీ చూసి, ఒక తల్లి పిల్లల్లో ఒకడు తెల్లగా ఒకడు నల్లగా ఉండడా అమ్మా, పుట్టిన తేదీ తెచ్చి చూపించు అన్నాడు. రాయికి మనిషి పేరు పెట్టకూడదని నియమం. అది బాగా కనిపించే చోటు పేరే పెట్టాలి. అక్క ఆ మలుపు పేరు ఎప్పుడో ఖాయం చేసుకుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా నా మలుపు, నా మలుపు అనేది.

తేదీ తీయడం అదే ఆఫీసు ల్యాబ్‌లో ఉన్న తమ్ముడి పని. రాయిని మర పట్టి, జల్లించి, పొడిలోంచి జిర్కాన్ అనే సన్నటి గింజల్ని ఏరాలి. ఇసుక రేణువు కన్నా చిన్నవి. వాటిలో యురేనియం కొంచెం కొంచెంగా సీసంగా మారుతుంటుంది. ఎంత మారిందో కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. బురదలోంచి పుట్టిన రాయిలో గింజలన్నీ పాత కొండల నుంచి కొట్టుకొచ్చినవే అయుంటాయి. అందుకని ఆ రాయికి వయసు కట్టేది అన్నిట్లోకీ వయసులో చిన్న గింజని బట్టి. గింజ పుట్టకముందు రాయి పుట్టదు కదా.

అక్క రాయిలో గింజలన్నీ రెండు వందల యాభై కోట్ల ఏళ్ళవే వచ్చాయి. అవి కొండల వయసువే. మూడంటే మూడు గింజలు మాత్రం నూట డెబ్బై కోట్లకి వచ్చాయి. ఆ మూడే చాలు. రాయి కొండల కన్నా కనీసం ఎనభై కోట్ల ఏళ్ళు చిన్నదని తేలిపోయింది. నిన్న ఫోన్‌లో ఈ మాట చెబితే అక్క అంకెలు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మెల్లగా, "శుక్రవారం సంఘం కూర్చుంటుందిరా. ఈసారి పెద్దాయన ఏమంటాడో చూస్తాను" అంది.

ఇప్పుడు తమ్ముడి గొంతులో వెలక్కాయ పడింది ఆ మూడు గింజల వల్లే. పొద్దున రిపోర్టులో పెట్టడానికి వాటి ఫోటోలు పెద్దవి చేసి చూశాడు. మిగతా గింజలన్నీ ఏటి నీళ్ళలో దొర్లి దొర్లి అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఈ మూడూ పొడుగ్గా, రెండు కొసలా మొనతేలి, నిన్నగాక మొన్న పుట్టినట్టున్నాయి. ఎక్కడో చూశాననుకున్నాడు. అక్క రాయికి ముందు మర పట్టింది ఎవరిదో గులాబీరంగు గ్రానైటు. దాని ఫోటోలు తెరిచాడు. అవే మొనలు, అదే పొడవు, యురేనియం కూడా అంతే ఎక్కువ. వయసు నూట డెబ్బై కోట్లు.

ఆ రోజు గుర్తొచ్చింది. పొడి జల్లించే నైలాను గుడ్డని ప్రతి రాయికీ కొత్తగా కోసుకోవాలి, పాతది పారెయ్యాలి. ఈ పనిలో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం అది. కంటికి కనపడని గింజ ఒకటి ఆ గుడ్డ కన్నాల్లో ఇరుక్కుంటే పక్క రాయి వయసు ఈ రాయికి అంటుకుంటుంది. ఆ రోజు గుడ్డ చుట్ట అయిపోయింది. కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. అక్కేమో ఎంతవరకు వచ్చిందిరా, ఎంతవరకు వచ్చిందిరా అని ఫోన్ మీద ఫోన్. పాత గుడ్డనే నాలుగుసార్లు నీళ్ళలో జాడించి, వెలుతురుకి పట్టి చూసి, శుభ్రంగానే ఉందిలే అనుకుని బిగించాడు. కొత్తగా చేరిన పిల్లలకి ఆ పాఠం చెప్పేవాడే పప్పులో కాలేశాడు.

చెప్పాలి, సాయంత్రమే చెప్పాలి అనుకున్నాడు. మళ్ళీ చెప్పడమెందుకు, గ్రానైటు గింజలేనని రూఢి ఏమిటి అనుకున్నాడు. సైకిలెక్కి ఇంటికి బయల్దేరి, సగం దూరం వెళ్ళి, వెనక్కొచ్చి ఫోటోలు మళ్ళీ చూశాడు. అవి ఏమీ మారలేదు.

అక్కా అమ్మా ఒక ఇంట్లో ఉంటారు. తమ్ముడు రెండు వీధుల అవతల ఒక గదిలో ఉంటాడు, భోజనానికి ఇక్కడికే వస్తాడు. ఆ ఇంటి వీధి తలుపు ఒక రాక్షసి. చిన్న గాలి వీస్తే చాలు, ఇల్లదిరేలా కొట్టుకుంటుంది. దాన్ని ఆపేది అడ్డం పెట్టిన ఒక నల్లరాయి. మలుపు దగ్గర మొట్టమొదట ఊడగొట్టిన ముక్క అది. ఇంకా ఎవరూ పేరు పెట్టలేదమ్మా దీనికి అని అక్క తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. నగ తెస్తే దాచుకోవచ్చు, రాయి తెస్తే ఏం చేసుకోను అని అమ్మ గొణిగి తలుపు దగ్గర పడేసింది. కానీ రోజూ నేల తుడిచినప్పుడు దాన్నీ తుడుస్తుంది. మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని ఎవరైనా అడిగితే ఆ రాయిని వెలుతురులోకి జరిపి ఎర్ర గింజలు చూపిస్తుంది.

తమ్ముడు వెళ్ళేసరికి అక్క వంటింటి గడప మీద కూర్చుని శుక్రవారం చెప్పబోయేది అమ్మకి చెప్పి చూసుకుంటోంది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊ కొడుతోంది.

"ఏరా, మొహం అలా వేలాడేశావేం? తేదీ తీసినవాడివి, గాల్లో తేలుతూ వస్తావనుకున్నాను" అంది అక్క.

"ఏం లేదే అక్కా. ఆ మూడు గింజలూ కాస్త మొనతేలి ఉన్నాయి. మిగతా వాటిలా అరగలేదు" అన్నాడు, నీళ్ళు నములుతూ.

"బూడిదరా. ఎక్కడో అగ్నిపర్వతం పేలి ఉంటుంది, దాని బూడిద తిన్నగా వచ్చి బురద మీద పడుంటుంది. ఏట్లో దొర్లితే కదా అరగడానికి. ఇంకా మంచిదే కదా."

ఎంత చక్కటి జవాబు. పెద్దాయన అడిగినా ఇదే చెప్పొచ్చు, ఆయనా ఒప్పుకుంటాడు. ఎవరూ గ్రానైటు ఫైలు తెరవరు. పేరు పడుతుంది, పటంలో అచ్చవుతుంది, తర్వాతి తరం పిల్లలు పరీక్షలో రాస్తారు. తమ్ముడు కంచం ముందు కూర్చున్నాడు, ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు. లేచి తలుపు దగ్గరికెళ్ళి, రాయిని కాలితో సర్ది, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"కూర బాలేదేంట్రా?" అంది అమ్మ.

"అది కాదమ్మా."

"మరి ఏమిటి? వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్క చోట నిలబడవు, కూర్చోవు. కడుపులో ఉన్నది కక్కెయ్యి."

కక్కేశాడు. గుడ్డ సంగతి, గ్రానైటు సంగతి, మొనల సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ అక్క మొహం చూడలేక తలుపు దగ్గరి రాయినే చూస్తూ చెప్పాడు.

"కడిగావా గుడ్డని?" అంది అక్క.

"కడిగాను."

"కడిగితే పోదని నీకు తెలీదూ?"

"తెలుసు."

అక్క అరిచినా బాగుండేది. అరవలేదు. మలుపు దగ్గర ఇప్పుడు ఆ పట్టీ లేదు. కొండ జారుతోందని దాని మీద నిలువునా కాంక్రీటు గోడ కట్టేశారు. అక్కడ తప్ప ఆ రాయి పైకి కనపడే చోటు ఇంకోటి లేదు. తెచ్చిన సంచీలో ఉన్నదంతా మరలో పొడైపోయింది. ఈ లెక్కంతా అక్క బుర్రలో తిరగడం తమ్ముడికి కనపడుతూనే ఉంది. ఆవిడ లేచింది. తలుపు దగ్గరికెళ్ళి వంగి రాయిని రెండు చేతులా ఎత్తుకుంది. పట్టు పోగానే తలుపు ధడాలున మూసుకుంది.

"అదెక్కడికే? నా తలుపు కొట్టుకు చస్తుంది" అంది అమ్మ.

"కొట్టుకోనీ అమ్మా" అంది అక్క.

మర్నాడు పెద్దాయనకి ఫోన్ చేసి, ఈసారి కాదు, వచ్చేసారి వస్తానని చెప్పింది. కొత్త గుడ్డ చుట్ట వచ్చిన రోజు రాయిని పాత తువ్వాలులో చుట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. తమ్ముణ్ణి పక్కకి జరగమని చేత్తోనే సైగ చేసింది. మర పళ్ళని ఇనుప బ్రష్షుతో తనే తోమింది, ఉత్త పలుగురాళ్ళు వేసి తిప్పి ఆ పొడి పారబోసింది, మళ్ళీ తోమింది. చుట్టలోంచి కొత్త గుడ్డ తనే కోసింది. పాత గుడ్డ ఇంకా సింకు పక్కన ఆరేసి ఉంటే తీసి చెత్తబుట్టలో వేసింది. అది చూస్తే తమ్ముడికి చెంపదెబ్బ తిన్నట్టయింది.

అంతా అయ్యాక రాయిని చేతిలో పట్టుకుని మర ముందు నిలబడిపోయింది.

"ఈ పక్క చూడు. నున్నగా అయిపోయింది. అమ్మ తుడిచి తుడిచి" అంది, తమ్ముడితో కాదు, రాయితోనే అన్నట్టు.

"సగం పగలగొట్టి సగం ఉంచుదామా అక్కా?"

"సగంలో సరిపడా గింజలు దొరక్కపోతే? మళ్ళీ ఎవరింటి తలుపు రాయి తీసుకొస్తావు?"

సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, ముక్కల్ని మరలో పోసింది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత రోజులు గడవడం గగనమైపోయింది. గింజలు ఏరాలి, జిగురులో పోయాలి, సానబట్టాలి, యంత్రం దగ్గర వంతు రావాలి. అక్క తమ్ముడితో మాట్లాడటం మానేసింది. భోజనానికి వెళ్తే కంచం పెట్టేది, కూర వేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. అమ్మ తలుపుకి పీట అడ్డం పెట్టింది, బకెట్టు పెట్టింది, మడిచిన గోనె పెట్టింది. దేనికీ తలుపు ఆగలేదు. తింటున్నప్పుడు ధడాలుమనేది, ముగ్గురూ ఉలిక్కిపడేవాళ్ళు. ఆ ఊళ్ళో గాలి ఎన్నడూ అంతగా వీచలేదని తమ్ముడికి అనిపించింది. ఒక్కోసారి ఆ మూడు మొనలూ మళ్ళీ కనపడాలని కోరుకునేవాడు. కనపడితే అక్క గెలుస్తుంది, తన తప్పు తప్పు కాకుండా పోతుంది. గింజలు ఏరుతూ ఒక్కోదాన్నీ ఆశగా తిప్పి చూశాడు. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి.

ఈసారి ఇంకో పని కూడా చేశాడు. రాయి ఉడికినప్పుడు పాత గింజ చుట్టూ సన్నటి కొత్త పొర పెరుగుతుంది. ఆ పొర వయసు కొలిస్తే ఉడికిన కాలం తెలుస్తుంది. మొదటిసారి తొందరలో దాన్ని వదిలేశాడు, ఈసారి వదలలేదు. పొరలన్నీ రెండు వందల నలభై కోట్లకి వచ్చాయి. పక్క కొండలు ఉడికిందీ అప్పుడే. వయసులో చిన్న గింజ ఒక్కటీ లేదు.

కాగితం తీసుకెళ్ళి అక్క బల్ల మీద పెట్టాడు. ఆవిడ అద్దాలు పెట్టుకుని చదివింది, తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఉడికిపోయిన తర్వాత పుట్టదు కదరా ఏదీ" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ తమ్ముడితో అన్న మాట అదే. తర్వాత కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది.

సంఘం కూర్చున్న రోజు తమ్ముడు హాల్లో చిట్టచివరి వరుసలో కూర్చున్నాడు. రావద్దని అక్క అనలేదు, రమ్మనీ అనలేదు. ఏ క్షణాన తన పేరు బయటికొస్తుందోనని ముందువాళ్ళ వెనక ఒదిగాడు. అక్క లేచి, ఏ ముందుమాటా లేకుండా, మలుపు రాయి కొండల రాయే, వేరు కాదు, నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను అంది. మొదట వచ్చిన తేదీ ఎంతో, అది ఎందుకు తప్పో, రెండోది ఎందుకు సరైందో చెప్పింది.

పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. గెలిచినవాడి మొహం కాదు ఆయనది.

"మొదటి తేదీతోనే వచ్చి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణమ్మా. బూడిద గింజలంటే నోరు మూసుకునేవాణ్ణి" అన్నాడు.

"తెలుసండి."

"గుడ్డ మార్చకపోవడం ఎవరి తప్పు?"

తమ్ముడు తల దించుకున్నాడు.

"తొందరపెట్టింది నేను" అంది అక్క. "ల్యాబు మాదే. అందరి తప్పూ ఉంది."

"మరి కనిపెట్టిందెవరు?"

"మా తమ్ముడు" అంది అక్క. "అదిగో, వెనక కూర్చున్నాడు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. తమ్ముడు లేవాలో కూర్చోవాలో తెలీక సగం లేచి అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. అక్క కాగితాలు సంచీలో సర్దుకుని పెద్దాయన ముందు నుంచి, తమ్ముడి ముందు నుంచి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది.

సాయంత్రం తమ్ముడు వెళ్ళేసరికి తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది. అమ్మ కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. అక్క చెప్పులు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని ఉంది. అమ్మకి ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు.

"ఇంతకీ ఏం పేరు పెట్టారే నా రాయికి?" అంది అమ్మ.

"ఏమీ పెట్టలేదమ్మా. దానికి పేరుంది. పక్క కొండల పేరే. వాటితో పాటే పుట్టింది, వాటితో పాటే ఉడికింది. నేనే ఇన్నేళ్ళూ వేరే వేరే అని తిరిగాను."

అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి ఆలోచించింది.

"అయితే దానికీ అయినవాళ్ళున్నారన్నమాట. ఒంటిదేమో అనుకున్నాను నేను. పోనీలే, మంచిదే" అంది.

ఆ మాటకి అక్క మొహం ఒక్కసారిగా నలిగిపోయింది. ఇన్ని రోజులూ బిగపట్టినదంతా తెగింది. గోడవారన అలాగే కిందికి జారి కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ లేచి వెళ్ళి పక్కన కూర్చుని, రాయి అంటే ఏమిటో ఏమీ తెలియకుండానే, వీపు నిమిరింది. తమ్ముడు గడప మీదే నిలబడిపోయాడు. వెనక నుంచి గాలి వచ్చింది, తలుపు విసురుగా కదిలింది. పడకముందే భుజం అడ్డం పెట్టి ఆపాడు. దెబ్బ గట్టిగానే తగిలింది.

ఏడుపు తగ్గాక అక్క ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"గుడ్డ ఎంత తెప్పించావురా?"

"రెండు చుట్టలు."

"రెండెందుకు? ఒకటే ఏడాది వస్తుందిగా."

"ఒకటి రాళ్ళకి. ఒకటి నీకు భయపడి."

అక్క నవ్వలేదు గానీ, పెదవి ఒక పక్కకి వంగింది. "సోమవారం కొండ మీదికి వెళ్తున్నాను. అవతలి వైపు ఇంకో రకం పట్టీ ఉంది, అదేమిటో చూడాలి. సంచీ మొయ్యడానికి రా" అంది. చెప్పులు విప్పుతూ, "అమ్మకి కూడా ఒక ముక్క తేవాలి" అంది.

"పెద్దది తేండి" అంది అమ్మ. "అందాకా వాణ్ణి అక్కడే నిలబడమను."

తమ్ముడు తలుపుకి వీపు ఆనించి అక్కడే నిలబడ్డాడు.